ఊరు దాటని జుట్టు

నేను తలమీద గుడ్డ తీయగానే ల్యాబ్ అమ్మాయి చేతిలో కత్తెర పక్కన పెట్టేసింది.

"అయ్యో, జుట్టేదండీ?"

"మాతకిచ్చేశానమ్మా."

"ఏ మాతకండీ?"

"గుణదల మేరీమాతకి. గన్నవరంలో విమానం దిగి, సూట్‌కేసుతో సహా కొండెక్కేశాను. మొక్కు మరి."

నవ్వాలో జాలిపడాలో తెలియక ఆ అమ్మాయి యంత్రం వైపు చూసింది. చూడటానికి అది బియ్యం డబ్బా అంత ఉంటుంది. సర్కారు దానికి 'ఆనవాలు' అని పేరు పెట్టింది గానీ, మా కోనసీమలో అందరూ జుట్టు మిషను అనే అంటారు. మంచాన పడ్డ సొంతవాళ్లకు సేవ చేయడానికి గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లెవరైనా సరే, దానికి ఒక పాయ సమర్పించుకోవాలి. అది ఆ పాయను కుదురు నుంచి కొస దాకా చదివి, మనిషి ఎక్కడి నీళ్లు తాగి బతికిందో చెబుతుంది. ఇక్కడి నీళ్లని చెబితే మనం ఈ ఊరివాళ్లం, సర్కారు సాయానికి మనకు హక్కుంది. అక్కడి నీళ్లని చెబితే చుట్టపుచూపుగా వచ్చినవాళ్లం.

"జుట్టు లేకపోతే పోయిందిలే. నా పన్నుంది గదా మీ దగ్గర. ప్రభుదాసు గారికి కువైట్‌లోనే ఇచ్చాను" అన్నాను ధీమాగా.

"పళ్లు తీసేశారండి. ఇప్పుడు జుట్టొక్కటే లెక్క."

"తీసేయడమేంటి?"

"పన్నును బట్టి చూస్తే ఇక్కడ పుట్టినోళ్లందరికీ హక్కొచ్చేస్తందని పైనుంచి ఆర్డరండి. ఇక్కడి నీళ్లతో వేలెడు జుట్టు పెరిగాక రండి."

వేలెడు జుట్టు పెరగాలంటే ఆర్నెల్లు పడుతుంది. ప్రభుదాసు నాకిచ్చిన మాటలో సగం అక్కడే గాలికి పోయింది. మిగతా సగం కూడా పోతుందని అప్పటికి నాకు తెలియదు.

ప్రభుదాసు పరాయివాడేం కాదు. మా సవరతిప్పలో చర్చి ఉపదేశి గారబ్బాయి. నేనూ వాడూ ఒకే బెంచీ. వాడు చదువుకుని శాస్త్రవేత్త అయ్యాడు, నేను ఇంటర్‌తో ఆపేసి కువైట్‌లో ఒక ముసలావిడను చూసుకునే పనికి వెళ్లాను. కొన్నేళ్ల కిందట వాడే కువైట్ వచ్చాడు. శుక్రవారం పూజ అయ్యాక చర్చి హాల్లో మన ఆడాళ్లనందరినీ నేనే కూర్చోబెట్టాను. పాస్‌పోర్టులు యజమానుల దగ్గర ఇరుక్కుపోయి, ఏ కాగితమూ లేకుండా ఇంటికి వచ్చేవాళ్లు మాలో కొల్లలు. తీరా వచ్చాక మీరెవరో మాకేం తెలుసంటారు ఇక్కడ. అందుకే ఈ యంత్రం, అన్నాడు వాడు.

"నది నీళ్లు తేలిక, సముద్రం నీళ్లు బరువు. ఉప్పు తీసేసినా ఆ బరువు పోదు. ఇక్కడ మీరు తాగేవన్నీ ఉప్పు తీసిన సముద్రం నీళ్లే. మన దగ్గర గోదారి కాలవ నీళ్లు. ఏ నీళ్లు తాగితే ఆ బరువు వెంట్రుకలో చేరిపోద్ది. పన్నులో అయితే చిన్నప్పుడు తాగిన నీళ్లు చచ్చేదాకా ఉండిపోతాయి. నీ పన్ను చూస్తే చాలు ఫిలో, నువ్వు సవరతిప్ప పిల్లవని మిషనే చెప్పేస్తది. ఇంకెవడూ నిన్ను కాదనలేడు."

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మన కుర్రాడే, ఇవ్వండే అని అందరి చేతా పాయలు కత్తిరింపించాను. పీకించుకున్న జ్ఞానదంతం ఒకటి దాచి ఉంచితే, అదీ వాడి చేతిలో పెట్టాను.

అందుకే మా చెల్లి లూర్దుమేరి రొయ్యల షెడ్డులో జారిపడి, నడుం ఎముక విరిగి ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు, బతికితే తలనీలాలిస్తానని కువైట్‌లో మోకాళ్ల మీద పడి మొక్కుకున్నాను. జుట్టు పోతే ఏంటి, నా పన్ను వాళ్ల దగ్గరుంది గదా అనుకున్నాను.

లూర్దు బతికింది. నడుం కిందనుంచి స్పర్శ లేదు.

ఇంట్లో మేమిద్దరమే. లూర్దు మొగుడు పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. నేను రాకముందు సర్కారు నర్సమ్మ పొద్దునా సాయంత్రం వచ్చేది, ఫిజియో ఆయన రోజూ వచ్చి కాళ్లు ఆడించేవాడు. వాళ్ల పుణ్యమా అని కుడికాలి బొటనవేలు కదలడం మొదలైంది. ఈ కొద్దినెలలే కీలకమనీ, ఇప్పుడు ఆపేస్తే కండ గట్టిపడిపోయి ఇక లేవదనీ డాక్టరు గట్టిగా చెప్పాడు.

నేను గడపలో అడుగుపెట్టిన మర్నాడే ఇద్దరూ మానేశారు. ఎందుకని గ్రామ సచివాలయంలో అడిగితే అక్కడ పనిచేసే సత్యవేణి తల గోక్కుంది.

"ఇంట్లో మనిషుంటే నర్సుని పంపరండి. మీరొచ్చారు గదండీ."

"మరి నన్ను మనిషి కింద లెక్కేసి నా హక్కు నాకియ్యండి. ఇచ్చాక ఆ ఫిజియో ఆయన్ని పంపుతారంట గదా."

"మీరిక్కడి మనిషని మిషను చెప్పాలండి ముందు."

"అంటే నర్సుని ఆపడానికి నేను మనిషిని, పంపడానికి కాదా?"

"అలా అడిగితే నేనేం చెప్తానండీ" అంది పాపం. ఆ పిల్ల తప్పేం లేదు.

ఇక నేనే అన్నీ చేశాను. ఒత్తిడి పుండ్లు పడకుండా గంట గంటకూ పక్కకు తిప్పడం నాకు వెన్నతో పెట్టిన విద్య. కువైట్‌లో అదే నా ఉద్యోగం. ఊరుగాని ఊరిలో ఎవరి తల్లికో ఏళ్ల తరబడి చేసిన పని, నా తోడబుట్టినదానికి చేయడానికి మాత్రం యంత్రం అనుమతి కావాలి! కాళ్లు ఆడించే పని నాకు రాదు. రానిపని చేస్తే ఉన్న ఎముక కూడా విరుగుతుందని భయం. అక్కడ మేడమేమో సెలవు పొడిగించనని రోజూ మెసేజీలు పెడుతోంది. హక్కు దొరికితే నెలనెలా భత్యం వస్తుంది, నా ఉద్యోగం వేరేవాళ్లకు ఇవ్వకుండా ఆపేలా సర్కారే రాస్తుంది, ఫిజియో ఆయన తిరిగి వస్తాడు. దొరక్కపోతే నేను విమానం ఎక్కాలి, లూర్దు పట్నంలో అనాథల వార్డుకు చేరాలి.

ఆదివారం పూజయ్యాక ప్రభుదాసు ఇంటికొచ్చాడు. పండుగప్ప చేప పులుసుతో అన్నం పెట్టాను. పళ్ల సంగతి ఎత్తగానే చేయి ముద్దలో ఆగిపోయింది.

"నేను చాలా చెప్పాను ఫిలో. వినలేదు. యంత్రం నాదే గానీ రూలు నాది కాదు."

"కువైట్లో ఆ మాట చెప్పలేదేంట్రా?"

ముద్ద మింగి, ఇంకాస్త పులుసు పోసుకున్నాడు. చేయి కడుక్కున్నాక తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించాడు.

"ఒక పని చెయ్యి. లూర్దు పుట్టి బుద్ధెరిగి ఊరు దాటలేదు గదా. తన పాయొకటి కత్తిరించి నీదని ఇచ్చెయ్. విగ్గు చేయించుకోడానికి గుణదలలో నీ జడే అడిగి తెచ్చుకున్నానని చెప్పు. కువైట్ నుంచొచ్చిన జడలో గోదారి నీళ్లేంటని ల్యాబులో ఎవరూ అడక్కుండా నేను చూసుకుంటాను."

"తప్పు కదరా?"

"నువ్వీ ఊరిదానివి కావా? అయినప్పుడు తప్పేంటి? ఉన్న నిజాన్నే వేరే జుట్టుతో చెప్తన్నావ్, అంతే."

మంచం మీదనుంచి లూర్దు కేకేసింది. "అన్నయ్య చెప్పింది బానే ఉందక్కా. కత్తెర తే."

దానికి ఆ జడంటే ప్రాణం. నడుం దాటి ఉంటుంది. ఆసుపత్రిలో కూడా కత్తిరించనివ్వలేదట. అలాంటిది తనే తల పక్కకు తిప్పి పాయ చూపించింది.

"ఇక్కడ తీయ్, కనపడదు. అయ్యబాబోయ్, కుదురుదాకానా? నీకు గుండయిందని నాకూ చేసేత్తావేంటి!"

చాలారోజుల తర్వాత ఇద్దరం పడీ పడీ నవ్వాం.

వారం తిరక్కుండానే ల్యాబ్ నుంచి పిలుపొచ్చింది. అరటిగెలతో వెళ్లాను, పని అయిపోయిందనే నమ్మకంతో. ఆ అమ్మాయి తెర నా వైపు తిప్పింది. పొడుగ్గా ఒక పట్టీ. కొస వైపు సగం ఆకుపచ్చ, కుదురు వైపు సగం నీలం. మధ్యలో కత్తితో కోసినట్టు గీత.

"ఆకుపచ్చంటే గోదారి నీళ్లండి. నీలమంటే గల్ఫ్. ఇదిగో, ఈ గీత దగ్గర మీరు దేశం దాటారు. అప్పట్నుంచి ఈమధ్యదాకా అక్కడే ఉన్నారు. హక్కు రాదండీ, సారీ."

అది మా లూర్దు జుట్టు. లూర్దు దేశం దాటడం కాదు గదా, అమలాపురం దాటి ఎరగదు.

"ఆ గీత ఎప్పటిదమ్మా?"

"జుట్టు పొడుగును బట్టి చూత్తే, రెండేళ్ల కిందటి క్రిస్మస్ ముందండి."

ఆ క్రిస్మస్ నాకు బాగా గుర్తు. లూర్దు వీడియో కాల్ చేసి, ఫోను కొళాయి దగ్గర పెట్టి మరీ చూపించింది. రొయ్యల చెరువుల వల్ల మా బావులన్నీ ఉప్పుతేలిపోయాక, సముద్రం ఒడ్డున సర్కారు ఉప్పు తీసే ప్లాంటు కట్టింది. "అక్కా, ఇయ్యి సముద్రం నీళ్లంటే నమ్ముతావా! చుక్క ఉప్పు లేదు" అంటూ గ్లాసు నింపుకుని తాగింది. అప్పటినుంచీ ఆ కొళాయే తాగుతోంది. అది, దాని పక్కింటివాళ్లు, తిప్ప అంతా, తీరం పొడుగునా ఉన్న ఊళ్లన్నీ.

అంటే ఇప్పుడు యంత్రం ముందు నిలబెడితే ఊరు ఊరంతా కువైట్‌లో ఉన్నట్టే. కానీ ఊళ్లో ఉన్నవాళ్లకు ఎవరు పరీక్ష చేస్తారు? పరీక్ష మాలాంటివాళ్లకే. మా జుట్టులో సముద్రం కనపడితే, ఇంకేముంది, గల్ఫేనంటారు. పక్క ఊరి బేబమ్మ మంచాన పడ్డ కొడుకు కోసం గల్ఫ్ నుంచి వచ్చి, ఏడాది పైగా ఇక్కడే ఉండి కూడా హక్కు రాక వెనక్కి పోయింది. యంత్రం అబద్ధమాడదు, బేబమ్మే ఏదో దాచి ఉంటుందని అందరం అనుకున్నాం.

అరటిగెల అక్కడే వదిలేసి పైఅంతస్తులో ప్రభుదాసు గదిలోకి వెళ్లాను. చెప్పింది విని వాడు కుర్చీలో కూలబడ్డాడు.

"తిప్పకి ప్లాంటు నీళ్లొచ్చాయా?"

"రెండేళ్లయింది. నువ్వు ఊరొచ్చినప్పుడల్లా సీసా నీళ్లే తెచ్చుకుంటావు గదా, నీకెలా తెలుత్తాది?"

"నేను మిషనుకి నేర్పిన నీళ్లు పదేళ్ల కిందటి కాలవ నీళ్లు ఫిలో." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "దేవుడా... తీరంలో తిరగ్గొట్టిన దరఖాస్తులన్నీ తప్పే. అన్నీ తప్పే."

వాడు నిజంగానే ఏడ్చాడు. నేనే నీళ్లు తాగించాను. కోపం రావలసిన చోట జాలి వచ్చింది నాకు. తెలియక చేశాడు, తెలిసింది గనక దిద్దుతాడు అనుకున్నాను.

"పైవాళ్లకి చెప్తాను. కానీ ఉత్తి మాట నమ్మరు. ఊరు దాటని మనిషి జుట్టు గల్ఫ్ అని చూపించిందని రుజువు కావాలి. ఆ పాయ లూర్దుదని నువ్వు కెమెరా ముందు చెప్పాలి. చెప్తావా?"

"చెప్తే నేను మోసం చేశానని ఒప్పుకున్నట్టే గదరా."

"నేనివ్వమంటేనే ఇచ్చావని నేను చెప్తాను. మాత మీద ఒట్టు. నువ్వు చెప్తే నీ ఒక్కదానికే కాదు, బేబమ్మ లాంటోళ్లందరికీ న్యాయం జరుగుద్ది."

వాడే ఫోను నిలబెట్టాడు. నేను గుడ్డ సర్దుకోబోతే, వద్దు, గుండు కనపడితేనే నిజమని తెలుస్తుందన్నాడు. తీసేశాను. ఆ జుట్టు నాది కాదు, మా చెల్లిది, మా చెల్లి ఊరు దాటలేదు, అని పూజలో ప్రమాణం చేసినట్టు చెప్పాను. వాడి పేరు చెప్పబోతుంటే చేయి అడ్డం పెట్టి ఆపాడు. తన సంగతి తనే చెప్పుకుంటాడట.

ఇంటికొచ్చి లూర్దుకి చెబితే అది బొటనవేలు ఆడించి చూపించింది. "చూశావా, మళ్లీ ఫిజియో ఆయనొత్తాడని దీనికి తెలిసిపోయింది." మేడంకి ఇంకొద్ది రోజులు ఆగమని మెసేజీ పెట్టాను.

కొద్ది రోజులకు మా ఇంటికొచ్చింది సత్యవేణి. టాబ్లెట్ గుండెలకు హత్తుకుని గుమ్మంలోనే నిలబడింది.

"లోపలికి రావే, నీదే ఆలస్యం!" అన్నాను సంబరంగా.

"ఫిలోమినాగారూ... మీరు టీవీ చూళ్లేదా అండీ?"

టాబ్లెట్‌లో పెట్టి చూపించింది. స్థానిక వార్తలు. ప్రభుదాసు ఇస్త్రీ చొక్కాలో, యంత్రం పక్కన నిలబడి ఉన్నాడు. ఒకరి జుట్టు బదులు మరొకరి జుట్టు ఇచ్చి హక్కు కొట్టేయాలని చూశారనీ, అయినా యంత్రాన్ని ఎవరూ మోసం చేయలేకపోయారనీ, ఆనవాలు ఎంత నమ్మకమైనదో దీన్నిబట్టే తెలుస్తుందనీ చెబుతున్నాడు. గొంతు కొంచెం కూడా వణకలేదు. ఆ వెంటనే నేను. "ఆ జుట్టు నాది కాదు" అన్నంతవరకే ఉంది. "మా చెల్లిది" అన్నదీ లేదు, మా చెల్లి ఊరు దాటలేదన్నదీ లేదు. నా మొహం కనపడకుండా మసక చేశారు గానీ, గుండు మసక చేయలేదు. మా చుట్టుపక్కల మేరీమాతకు గుండు చేయించుకుని కువైట్ నుంచి దిగినది నేనొక్కదాన్నే. నన్ను ఎరగనివాళ్లెవరు?

"మీకిక ఎప్పటికీ హక్కు రాదంటండి. మోసం కింద రాసేశారు" అంది సత్యవేణి నేల చూపులు చూస్తూ.

"ఇంకా ఏదో ఉంది, చెప్పు."

"లూర్దుమేరిగారి వితంతు పింఛను ఆపేశారండి. నర్సు కూడా రాదండి, మీరెల్లిపోయినా సరే."

"అదేం చేసిందే?"

"ఆ జుట్టు ఆవిడదేనని మీరే చెప్పారంట గదండీ. జుట్టేమో గల్ఫ్ అని చెప్తంది. కాబట్టి ఈ రెండేళ్లూ ఆవిడ విదేశంలో ఉండి ఇక్కడ పింఛను తీసుకున్నట్టంటండి."

"ఆ మనిషి నీ కళ్లముందు మంచం మీదుంది! నెలనెలా నువ్వే వచ్చి వేలిముద్ర వేయించుకున్నావు!"

"నేను అదే అన్నానండి." సత్యవేణి ఏడ్చేసింది. "నీకన్నా మిషనుకి బాగా తెలుసు, నోర్ముయ్యన్నారండి."

ప్రభుదాసుకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఎత్తేదాకా చేశాను.

"ఫిలో, నా మాట విను. మిషను తప్పంటే ప్రాజెక్టు మూసేత్తారు. నాకూ పిల్లలున్నారు. వచ్చే ఏడు కొత్త మిషనుకి కొత్త నీళ్లు నేర్పుతాను. చప్పుడు లేకుండా అంతా సర్దేత్తాను."

"వచ్చే ఏటికి లూర్దు కాళ్లు కట్టెలయిపోతాయి. మాత మీద ఒట్టేశావు గదరా."

"అప్పుడు నిజంగానే అనుకున్నాను."

"కువైట్‌లో కూడా నిజంగానే అనుకున్నావు. అదేరా నీతో వచ్చిన చావు. నువ్వు అనుకున్నప్పుడల్లా మేమే నమ్ముతాం, నీ చేతుల్లో తల పెడతాం."

అవతల ఫోన్ పెట్టేశాడు. పరాయివాడు చేసి ఉంటే ఊరందరినీ పోగేసి అరిచి ఉండేదాన్ని. ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు, నా చేతి పులుసు తిన్నవాడు, నమ్మించి గొంతు కోశాడు. నాకు అరుపు రాలేదు.

నా విమానం రేపే. మేడం అంతకుమించి ఒక్క పూట కూడా ఆగనంది. నేను పంపే జీతం లేకపోతే ఇప్పుడు లూర్దుకు మందులు కూడా రావు. పొద్దున్నే అంబులెన్సు వచ్చి దాన్ని పట్నం వార్డుకు తీసుకుపోతుంది. అక్కడ మంచానికి ఇద్దరు రోగులని, తిప్పే మనిషి ఉండదని సత్యవేణే చెప్పింది. నేను వెళ్లననీ, ఇక్కడే కూలికి పోతాననీ అంటే లూర్దు ఒప్పుకోలేదు. కూలికి పోతే మాత్రం దగ్గరెవరుంటారని అడిగింది.

దాన్ని ఎడమవైపుకు తిప్పి, వీపుకు పౌడరు రాసి, దిండు ఆనించాను. అది గోడవైపు చూస్తూ ఉన్నట్టుండి నవ్వింది.

"అక్కా, రేపు నువ్వెక్కడికి ఎల్తన్నావ్?"

"కువైట్‌కే. తెలీనట్టు అడుగుతావేంటే?"

"నేనెక్కడ ఉంటన్నానంట?"

నేను దుప్పటి దాని కాళ్ల మీదికి లాగాను.

"నేనూ అక్కడే ఉంటన్నానంట గదా రెండేళ్ల బట్టీ. సర్కారే చెప్పింది." నవ్వుతూనే వెనక్కి చేయి చాపి, నా చెంగు దొరకబుచ్చుకుంది. "మరి నన్నెందుకు ఇక్కడొదిలేసి పోతావే? నా ఇంటికి నన్ను తీసుకెల్లు."

చెంగు విడిపించుకోవడం నా వల్ల కాలేదు. మంచం మీదే దాని వెనక ఒదిగి పడుకున్నాను. అది ఇంకా నవ్వుతోందో, ఏడుస్తోందో, నాకు దాని వీపు మాత్రమే కనపడుతోంది.